ముందు విభూతి డబ్బా దాచిపెట్టండి

అమెరికా వచ్చి పదేళ్లు దాటింది. ఇల్లు కొన్నారు. కుండీలో కరివేపాకు కూడా బతికింది. ఇక మిగిలిన డబ్బుని ఖర్చు పెట్టకుండా, వడ్డీ రాకుండా, కనీసం చేత్తో తాకే వీలైనా లేకుండా చేసుకోవాలని ఉందా? అయితే పాత వెండి డాలర్లు పోగు చేయండి. ఇందులో నాకు ఏడేళ్ల అనుభవం ఉంది. నమ్మకంగా ముంచగలను.

మోర్గాన్ డాలరుతో మొదలుపెట్టండి. చలామణీకి 1878 నుంచి 1904 దాకా కొట్టారు, మళ్లీ 1921లో ఒక్క ఏడు. బరువు 26.73 గ్రాములు, నూటికి తొంభై పాళ్లు వెండి. వెండి మాట మాత్రం అక్కడితో మరిచిపోండి. వెండే కావాలంటే పట్టీలు కొనుక్కోవచ్చు కదా! మీరు కొనేది అక్షరం. వెనకవైపు, ఆకుల దండ ముడి కింద ఆవగింజంత ఉంటుంది. ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఓ అంటే న్యూ ఆర్లియన్స్, రెండు ‘సి’లుంటే కార్సన్ సిటీ, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. 1893లో ఎస్ అక్షరంతో కొట్టినవి లక్షే. అందుకే బాగా అరిగిపోయినదైనా వేల డాలర్లు పలుకుతుంది. ఇది కనిపెట్టిన పుణ్యాత్ములు కొందరు అక్షరం లేని 1893 డాలరుకు ఎస్ అతికించి అమ్ముతుంటారు. మీరూ అలాంటిది ఒకటి కొనండి. ఆ ఫీజు కట్టందే ఈ బళ్లో చేర్చుకోరు.

తర్వాత ఈకలు లెక్కపెట్టడం నేర్చుకోండి. 1878లో ముందు కొట్టిన డాలర్ల మీద గద్ద తోకకి ఎనిమిది ఈకలుండేవి. తర్వాత ఏడు చాలనుకున్నారు. ఎనిమిది ఈకల అచ్చు మీదే ఏడు చెక్కినవీ ఉన్నాయి, పాతవాటి కొసలు కింద తొంగిచూస్తుంటాయి. ఈక చూసి ఇది డేగ, ఇది కాకి, ఇది నెమలి అని పుంజు జాతి తేల్చే గోదావరి జిల్లాల వాళ్లకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. మిగతావాళ్లు భూతద్దం కొనుక్కోండి.

ఇంకాస్త ధైర్యముంటే 1895 ఫిలడెల్ఫియా డాలరు కోసం వెతకండి. మామూలు నాణేలు పన్నెండు వేలు కొట్టినట్టు లెక్కల్లో ఉంది. ఒక్కటీ ఎవరికీ కనపడలేదు. పాస్‌బుక్కులో ఎకరాలుండి, వెళ్లి చూస్తే చెరువు తప్ప ఏమీ లేని వ్యవహారం మనకి కొత్తేమీ కాదు. ప్రత్యేకంగా మెరుగుపెట్టి కొట్టిన 880 నాణేలే దిక్కు, వాటి ధర ఇంట్లో చెప్పకండి.

అరుదైనదని తేలాక కొనండి, కొన్నాక ప్రభుత్వం తన బీరువా సర్దకూడదని మొక్కుకోండి. న్యూ ఆర్లియన్స్‌లో కొట్టిన 1903 డాలరుకు ఒకప్పుడు వెయ్యికి పైనే పెట్టేవారు. 1962 చివర్లో ట్రెజరీ వాళ్లు పాత సంచులు విప్పితే అవే డాలర్లు బొలబొలా రాలాయి. ధర కూడా వాటితోపాటే రాలింది.

అసలు ఇవి ఎందుకు అరుదయ్యాయని ఎవరైనా అమెరికావాడు అడిగితే తలదించుకోండి. అందులో మన చెయ్యి కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మనవాళ్లు కాగితం నోట్లు తీసుకెళ్లి, మాకు వెండి రూపాయలే కావాలని కూర్చున్నారు. ఇంగ్లీషువాడి దగ్గర వెండి లేదు. అమెరికాని అడిగాడు. 1918లో పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్ల డాలర్లు కరిగించారు. అందులో చాలా భాగం ఇండియాకే వచ్చి రూపాయలైంది. ఏ ఏటివి ఎన్ని కరిగాయో లెక్క కూడా రాసుకోలేదు. ఆ రూపాయలు మన నాయనమ్మల కాసుల సంచుల్లోకి, అక్కణ్ణుంచి కంసాలి కుంపట్లోకి వెళ్లాయి. నేను వేలం పాటల్లో వెతుకుతున్న డాలరు, మా అమ్మ కాలి పట్టీల్లో ఘల్లుఘల్లుమంటూ ఇంతకాలం మా ఇంట్లోనే తిరిగిందేమో.

చివరి సలహా అన్నిటికంటే ముఖ్యం. నాణేన్ని తోమకండి. నూరేళ్లకి పట్టిన నలుపుకే విలువ. అంచుల్లో నీలం, ఊదా రంగులు తేలితే ఇంకా ఎక్కువ పెడతారు. తోమినదాన్ని గ్రేడింగుకి పంపితే, డెబ్బైకి ఎంతో చెప్పే అంకె కూడా వెయ్యరు. ‘తోమారు’ అని ముద్ర కొట్టి వెనక్కి పంపుతారు.

ఇది నేను ఎక్కడా చదివి నేర్చుకోలేదు. ఒక శ్రావణ శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి, గ్రేడింగుకని బల్ల మీద పెట్టుకున్న కార్సన్ సిటీ డాలరు కనపడలేదు. దేవుడి గదిలో కలశం పక్కన అద్దంలా మెరుస్తూ, పసుపు కుంకాలతో కూర్చుని ఉంది. ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మ చేతికింకా విభూతి అంటుకునే ఉంది.

“ఏరా, లక్ష్మిని అంత నల్లగా ఉంచుతారా ఎవరైనా? అరగంట తోమాను, చెయ్యి పడిపోయింది.”

నోట మాట రాక, వెళ్లి దణ్ణం పెట్టుకున్నాను. ప్రసాదం కూడా తిన్నాను. పులిహోర బాగుంది.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. నా సొరుగులో నల్లవి ఇంకా ఏడున్నాయట, లెక్కపెట్టిందట. వచ్చే శ్రావణానికి వచ్చి వాటి పని కూడా చూస్తానంది. మా ఆవిడ టిక్కెట్టు కొనేసింది.