కేదార్‌కంఠకు సంచి సర్దే విధానం

కేదార్‌కంఠ శిఖరం ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో ఉంది. ఎత్తు సుమారు 3,800 మీటర్లు. డెహ్రాడూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్ల కొండదారిలో వెళ్తే సాంక్రి గ్రామం వస్తుంది. నడక అక్కడ మొదలవుతుంది, సంచి సర్దడం మాత్రం హైదరాబాద్‌లో నెల ముందే మొదలవ్వాలి.

సంచి బరువు మనిషి బరువులో ఐదో వంతు మించరాదని కొండలెక్కేవాళ్ల లెక్క. దాన్ని కనీస బరువుగా తీసుకోవాలి. అడుగున మూడు జీన్స్ ప్యాంట్లు. నూలుబట్ట తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది, కనుక మూడూ అవసరమే. పైన ఆవకాయ సీసా, కారప్పొడి, రెండు పవర్ బ్యాంకులు, చదవబోని పుస్తకం, ఎందుకైనా మంచిదని ఇంకో స్వెట్టర్. వీటిలో సగం మడత విప్పకుండానే ఇల్లు చేరతాయని సర్దేవాళ్లకు తెలియక కాదు. పైన ఏమవుతుందోనన్న భయం మనసులో కుదురుగా ఉండదు. స్వెట్టర్‌గా మారితే మడతపెట్టి జిప్పు వేయవచ్చు. మొదటి గంట దాటాక ఆ భయం కంచరగాడిద వీపు మీదికి మారుతుంది, దానికి ఏ భయమూ లేకపోయినా.

రాత్రి గుడారం దగ్గర పప్పు వండాలి. 3,400 మీటర్ల ఎత్తున నీళ్లు సుమారు 89 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ మరిచిపోతే కందిపప్పుతో తెల్లవార్లూ కాలక్షేపం.

2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం, నిద్రలేమి మొదలవుతాయి. గ్యాస్ అని సరిపెట్టుకోవడం ఆచారం. ఇక్కడ మాత్రం వేళాకోళం పనికిరాదు: తగ్గకపోతే ఇంకా పైకి ఎక్కకూడదు, ముదురుతుంటే వెంటనే కిందికి దిగాలి. విమానం టికెట్ డబ్బు గుర్తొచ్చి ఆ మాట పైకి చెప్పనివాళ్లే ఎక్కువ.

ఫోన్‌ను స్లీపింగ్ బ్యాగ్ బయటే ఉంచాలి. చలికి బ్యాటరీ చచ్చి, సూర్యోదయాన్ని ఉత్త కళ్లతో చూడాల్సి వస్తుంది.

బిస్కెట్ కవర్లను మంచులో పాతిపెట్టాలి. ఎండాకాలం మంచు కరిగి అవన్నీ బయటపడేసరికి పాతినవాళ్లు ఆఫీసులో పర్యావరణ దినోత్సవం ఏర్పాట్లలో ఉంటారు.

దిగడం తేలికని శిఖరం మీద అందరూ అంటారు. మోకాళ్లను అడగకూడదు. ఇంటికొచ్చాక రెండు రోజులు కమ్మీ పట్టుకుని మెట్లు వెనక్కి తిరిగి దిగవచ్చు. లిఫ్ట్ ఉన్నవాళ్లకు ఈ సూచన వర్తించదు.