అడ్రసు బాగుంటే అక్షరమూ బాగే!

పరిశోధన పత్రాన్ని తూచేది సాటి పండితులే కాబట్టి తూకంలో మోసం ఉండదని లోకం నమ్మకం.

అమెరికాలో డగ్లస్ పీటర్స్, స్టీఫెన్ సెసీ అనే ఇద్దరు సైకాలజిస్టులకు ఆ తక్కెడనే తూచి చూడాలన్న చిలిపి ఆలోచన వచ్చింది. ఆ ముచ్చట 1982లో అచ్చయింది.

పెద్ద పేరున్న సైకాలజీ విభాగాల వాళ్లవి, అప్పటికే అచ్చయిన 12 వ్యాసాలు తీసుకున్నారు. రచయితల పేర్లు మార్చారు. ఎవరూ వినని సంస్థల పేర్లు (అసలు లేనివే లెండి) తగిలించారు. ఏ వ్యాసం ఏ జర్నల్‌లో వచ్చిందో ఆ జర్నల్‌కే మళ్లీ పంపారు.

‘ఇది మనం వేసిందే కదా!’ అని దొరకబుచ్చుకున్నవి మూడే.

మిగిలిన తొమ్మిదింటిలో ఎనిమిదింటికి తిరుగుటపా!

కారణం? చాలావాటికి పరిశోధన పద్ధతిలోనే తీవ్ర లోపాలున్నాయట.

18 నుంచి 32 నెలల కిందట అచ్చేసినప్పుడు ఆ లోపాలు ఎక్కడున్నాయో? బహుశా లెటర్‌హెడ్ చాటున నక్కి ఉంటాయి.

అత్త కొడితే అడుగోటి కుండ, కోడలు కొడితే కొత్త కుండ. పండితుల ఇంట్లోనూ అంతే.

పత్రం తిరిగొచ్చిందని దిగులుపడుతున్న పరిశోధక విద్యార్థులకో మనవి: వ్యాసం జోలికి పోకండి, ముందు అడ్రసు దిద్దుకోండి.