పెదనాన్న గొంతు

వీడియో క్యాసెట్టులో బొమ్మది ఒక దారి, శబ్దానిది ఇంకో దారి. అర అంగుళం టేపు మీద గిరగిరా తిరిగే డ్రమ్ము బొమ్మను ఏటవాలు గీతలుగా రాస్తుంది. శబ్దాన్ని మాత్రం కదలకుండా ఉండే మరో హెడ్డు, టేపు పై అంచున మిల్లీమీటరు వెడల్పు పట్టీలో రాస్తుంది. అందుకే పాత క్యాసెట్లలో బొమ్మ నిక్షేపంగా ఉండి మాట వినపడకపోవడం తరచూ జరిగేదే. అన్నయ్య అమెరికా నుంచి వచ్చి తన పెళ్ళి క్యాసెట్టు నా చేతికిచ్చినప్పుడు కూడా అదే జరిగింది.

పెళ్ళి 1994లో, మార్టూరు దగ్గర మా ఊళ్ళోనే. తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టిన 1987 నాటి అప్పులు తీరి, మిరప కాస్త చేతికందాక పెదనాన్న ఘనంగా చేసిన పెళ్ళి అది. నాకప్పుడు మూడేళ్ళు. ఆయన గొంతు గురించి వినడమే తప్ప, ఆ గొంతు పాడగా నేను వినలేదు.

ఈ చుట్టుపక్కల తిరునాళ్ళలో హరిశ్చంద్ర నాటకమాడితే మా పెదనాన్నే హరిశ్చంద్రుడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో కాటిసీను వచ్చేసరికి మన వినుకొండ జాషువా గారి శ్మశాన పద్యాలు కలిపి పాడటం ఆనవాయితీ. ఆ పద్యాలకు వన్స్‌మోర్లు కొట్టించుకున్న రైతు ఆయన. పగలు నల్లరేగట్లో మిరపతోట, రాత్రి స్టేజీ. పెళ్ళిలో కాటిసీను పాడరు కాబట్టి, ఆ రాత్రి భోజనాలప్పుడు తిరుపతి వెంకట కవుల రాయబారం పద్యాలు ఎత్తుకున్నాడట. పందిట్లో వడ్డన చేస్తున్నవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని నిలబడిపోయారని ఇప్పటికీ చెబుతారు.

ఆ తర్వాత ఆయన పాడటం మానేశాడు. కళ్ళంలో మిరపకాయల ఘాటుకు గొంతు చెడిందని ఊరంతా అనుకుంది. ఇప్పుడు ఆయన లేడు. ఆయన పద్యం ఇంకెక్కడా రికార్డు కాలేదు.

“మిగతాదంతా పోయినా పర్లేదురా. నాన్న పాడిన నాలుగు నిమిషాలు దక్కితే చాలు, పిల్లలకు వినిపిస్తా” అన్నాడు అన్నయ్య.

వీసీఆర్లు ఇప్పుడు కొత్తవి దొరకవు. చివరిదాకా తయారుచేసిన జపాను కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. గుంటూరులో ఒక పాతదాన్ని బాగుచేయించి తెచ్చాను. కంప్యూటరుకు క్యాప్చర్ పరికరం తగిలించి క్యాసెట్టు వేశాను. పందిరి, బంధువులు, అన్నయ్య నల్లటి మీసం, అన్నీ వచ్చాయి. పెదనాన్న లేచాడు. కండువా సర్దుకున్నాడు. ఎడమచెయ్యి చెవి దగ్గర పెట్టి, కుడిచెయ్యి చాచి నోరు తెరిచాడు.

చడీచప్పుడు లేదు.

అన్నయ్య ఆ ముక్కే పదేపదే వెనక్కి తిప్పించాడు. పెదవుల కదలికను బట్టి అది ఏ పద్యమో పోల్చుకోవాలని తన తాపత్రయం. టేపు అరుగుతుందని నేనే ఆపించాను.

ముందు వైర్లు చూశాను. ఆ వీసీఆరుకు శబ్దం బయటికొచ్చే రంధ్రం తెల్లదొక్కటే. అది సరిగ్గానే ఉంది. శబ్దం చదివే హెడ్డును స్పిరిటుతో తుడిచాను. క్యాసెట్టు మూత ఎత్తి టేపు అంచు చూశాను. అంచు నలిగితే మొదట పోయేది మాటే. ఎక్కడా ముడతలేదు. అప్పుడు టీవీలోంచి రికార్డు చేసుకున్న ఇంకో పాత క్యాసెట్టు వేశాను. దానికీ శబ్దం రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. లోపం క్యాసెట్టుది కాదు, బహుశా కంప్యూటరుది.

క్యాప్చర్ పరికరం నుంచి వచ్చే శబ్దాన్ని విండోస్ మైక్రోఫోన్ కింద జమకడుతుంది. సెట్టింగుల్లో ప్రైవసీ దగ్గర మైక్రోఫోన్‌కు అనుమతి ఆపేసి ఉంటే బొమ్మ మామూలుగానే వస్తుంది, శబ్దం మాత్రం రాదు. ఎందుకు రావడంలేదో అది చెప్పదు. పాత క్యాసెట్లు ఎక్కించుకునేవాళ్ళు టేపు పాడైందని పారేసేముందు దయచేసి ఈ ఒక్కటీ చూసుకోండి. నేను ఆ అనుమతి ఇచ్చాను. శబ్దం కొలిచే ఆకుపచ్చ గీత ఎగిరి లేచింది.

అన్నయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు. తెరమీద పెదనాన్న చెయ్యి చాచి నోరు తెరిచాడు. స్పీకర్లలోంచి 'ఘరానా మొగుడు' డ్యూయెట్టు వచ్చింది.

టేపు ముందుకు జరిపితే తలంబ్రాలకు 'సీతారామ కల్యాణం' సినిమా పాట, అప్పగింతలకు ఇంకేదో సినిమా పాట. మనిషి మాట ఒక్కటి లేదు. ఆ రోజుల్లో పెళ్ళి వీడియో అంటే మిక్సింగే కదా. శబ్దం విడిగా అంచున ఉంటుంది కాబట్టి, బొమ్మను ముట్టుకోకుండా దాన్నొక్కదాన్నే చెరిపి పాటలు నింపడం తేలిక. హైఫై డెక్కు మీద తీసిన టేపైతే బొమ్మ అడుగున అసలు శబ్దం ఇంకో పొరలో మిగిలేది. ఇది ఆ రకం కాదు. కెమెరాలో తిరిగిన అసలు క్యాసెట్టును చాలామంది వీడియోగ్రాఫర్లు తర్వాతి పెళ్ళికి వాడేసేవాళ్ళు. ఇదంతా చెప్పేసరికి అన్నయ్య మొహం ఎర్రబడింది.

“బుద్ధుందా వాడికి? మనిషి అంత గొప్పగా పాడుతుంటే చెరిపి సినిమా పాట వేస్తాడా? వాడెక్కడున్నాడో కనుక్కోరా!”

వసారాలో మంచం మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్న పెద్దమ్మ అప్పుడు నోరు విప్పింది.

“వాణ్ణెందుకు తిడతావు నాయనా, పాపం. పాటలెయ్యమంది నువ్వేగా. బెంగుళూరులో మీ ఆఫీసోళ్ళు చూస్తే నవ్వుతారు, నాన్న అరుపులు తీసెయ్యమని ఈ గుమ్మంలోనే నిలబడి వాడికి చెప్పావు. మీ నాన్న లోపల అన్నం తింటున్నాడు.”

అన్నయ్య కాసేపటికి అడిగాడు: “మరి మిరప ఘాటుకు గొంతు పోయిందన్నారు కదమ్మా?”

“అడిగినోళ్ళకి అట్టా చెప్పమన్నాడు. మీ నాన్న గొంతుకు చివరిదాకా ఏ జబ్బూ లేదు.”