పూర్తిగా ఆరిందా, సగమేనా?

పాడైపోయిన వస్తువు కనిపిస్తే మావయ్య ముఖంలో కళ వస్తుంది. బాగా పనిచేస్తున్నదాన్ని మాత్రం కాస్త అనుమానంగా చూస్తాడు. టెలిఫోన్ శాఖలో కేబుల్ జాయింట్లు వేసి వేసి రిటైరైన మనిషి. భూమ్మీద ఏ వైరు తెగినా అది తన డ్యూటీయే అనుకుంటాడు. ఇస్త్రీపెట్టె, మిక్సీ, కాలనీ గుడి మైకు అన్నీ అయిపోయాక ఈమధ్య ఆయన చేతికి చిక్కింది ఈఎల్ వైరు.

అదేమిటో తెలియాలంటే ఏదైనా స్కూలు వార్షికోత్సవానికి వెళ్లాలి. స్టేజీ మీద లైట్లన్నీ ఆర్పేస్తారు. నల్లబట్టల్లో ఉన్న పిల్లలు కనపడరు. వాళ్ల చేతుల వెంట, కాళ్ల వెంట కుట్టిన నీలం, ఆకుపచ్చ గీతలు మాత్రం చీకట్లో ఎగురుతుంటాయి. కొందరు కార్ల డ్యాష్‌బోర్డు అంచున కూడా ఇదే పెట్టించుకుంటారు. షాపుల్లో నియాన్ వైరంటారు గానీ ఇందులో గ్యాసూ లేదు, గాజుగొట్టమూ లేదు. నడుమ ఓ రాగితీగ, దానిమీద జింక్ సల్ఫైడ్ పూత, ఆ పూత చుట్టూ వెంట్రుకంత సన్నటి తీగలు, ఆపైన ప్లాస్టిక్ తొడుగు. రెండు పెన్సిల్ సెల్స్ వేసిన చిన్న డబ్బా, వాటి 3 వోల్టులను సుమారు 100 వోల్టుల ఏసీగా మార్చి, సెకనుకు వెయ్యిసార్లకు పైగా అటూ ఇటూ ఊపుతుంది. అప్పుడు పూత వెలుగుతుంది.

మనవడి డాన్సు డ్రెస్సులో ఎడమకాలు వెలగలేదు. మావయ్యకు ఆదివారం దొరికింది.

ముందు విచారణ. “దీన్నేం చేశావురా?” “ఏం చెయ్యలేదు తాతయ్యా.” “ఏం చెయ్యకపోతే ఎందుకు ఆరుతుంది?” ఆయన లెక్కలో వస్తువులు వాటంతటవి చెడిపోవు, ఎవరో ఒకరు చెడగొడతారు. కాసేపటికి పిల్లాడు మోకాళ్ల మీద జారే స్టెప్పు సంగతి ఒప్పేసుకున్నాడు. నిజానికి ఈ వైర్లు తెగేది ఎక్కువగా అక్కడే, మోకాలి దగ్గరా మోచేతి దగ్గరా. లేదంటే డబ్బా నుంచి వచ్చే మామూలు వైరుకు అతికించిన చోట.

“బ్యాటరీ చూశారా?” అని అత్తయ్య వంటింట్లోంచి అడుగుతుంది. మావయ్యకు అసలు నచ్చని ప్రశ్న ఇదొక్కటే. బ్యాటరీ అయిపోవడం ఆయన దృష్టిలో జబ్బే కాదు. కాలనీలో వచ్చే కేసుల్లో చాలావాటికి కారణం అదేనని తేలినప్పుడల్లా, సెల్స్ మార్చి, మాట్లాడకుండా వస్తువు తిరిగిచ్చేస్తాడు. ఆ రోజు భోజనం కూడా తక్కువే.

అసలు జబ్బైతే మాత్రం ఆయన్ని చూడాల్సిందే. “పూర్తిగా ఆరిందా, సగం దాకా వెలుగుతోందా?” అన్న దగ్గర మొదలు. సగం దాకా వెలిగి ఆగితే, ఆగినచోటే లోపలి తీగ తెగినట్టు. మొదట్లో కాస్త వంచితే వెలిగి, వదిలితే ఆరితే, అతుకు దగ్గర సన్నతీగలు పోయినట్టు. మొత్తం చచ్చిపడి ఉంటే మల్టీమీటరు తీస్తాడు. నడిమి తీగకూ చుట్టుతీగలకూ మధ్య దారి ఉండకూడదు. మీటరు కుయ్యిమందంటే రెండూ ఎక్కడో తాకినట్టే. చాలాసార్లు తాకేది కత్తిరించిన చివరి కొసలో. నాలుగు మిల్లీమీటర్లు కోసేసి, కొసకు జిగురు పెట్టి మూసేస్తే వైరంతా ఒక్కసారి లేచి కూర్చుంటుంది. ఆ కోత కోసేటప్పుడు ఇంట్లో ఫ్యాను కూడా ఆపించేస్తాడు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

డబ్బా బతికుందో లేదో తేల్చే పని మనవడిది. అది పనిచేసేటప్పుడు సన్నగా కీచుమంటుంది. వయసు మీదపడ్డాక ముందు తగ్గేది అలాంటి శబ్దాలు వినే శక్తే. అందుకని డబ్బాని పిల్లాడి చెవి దగ్గర పెట్టి, “ఆఁ, వస్తోందా?” అని అరుస్తాడు. ఆ అరుపుకు ఏ కీచు వినపడుతుంది పాపం! వైరు తగిలించకుండా ఎవరైనా స్విచ్చి నొక్కారో, ఇంటి పైకప్పు ఎగురుతుంది. ఆ కోపం న్యాయమైనదే. మోయడానికి వైరు లేకుండా వట్టిగా నడిపితే ఆ డబ్బాల్లో చాలావరకు కాలిపోతాయి.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు చరిత్ర పాఠం. 1936లో పారిస్‌లో జార్జ్ డెస్ట్రియో జింక్ సల్ఫైడ్ పొడికి ఏసీ కరెంటు పెట్టి వెలుగు చూడటం, 1992లో టైమెక్స్ వాచీల్లోకి ఇండిగ్లో రావడం, 2010లో ‘ట్రాన్: లెగసీ’ సినిమాలో మెరిసే దుస్తులు. ఐరన్ వేడెక్కి చాలాసేపైనా పాఠం అవదు.

ఇక అతుకు. పై తొడుగు ఒలవాలి, సన్నతీగలు తెగకుండా వెనక్కి మడవాలి, నడిమి తీగ మీది పూతను గోటితో గీకేయాలి. పూత మిగిలితే టంకం అంటదు. నడిమి తీగకో వైరు, సన్నతీగలకో వైరు. ఏసీ కాబట్టి ఏది ఎటైనా ఫర్వాలేదు. కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టినా మావయ్యకు ఆ సన్నతీగలు కనపడవు. “ఏమోయ్, ఒకసారి రా” అంటాడు. అత్తయ్య చేతులు తుడుచుకుని వచ్చి, జాకెట్లకు హెమ్మింగు చేసే కంటితో రెండు తీగలూ వేరుచేసి, కోడలి కనుబొమల పట్టకారుతో మడిచిపెట్టి వెళ్లిపోతుంది. ఆ తర్వాత పావుగంటలో మావయ్య టంకం పెడతాడు, నిజంగానే ముత్యంలా. తలెత్తి అందర్నీ చూస్తాడు. అప్పుడు టేబుల్ మీద, అతుక్కి ముందే వైరులోకి ఎక్కించాల్సిన హీట్‌ష్రింక్ గొట్టం తీరిగ్గా పడుకుని కనిపిస్తుంది. ఊడదీయడం, గొట్టం ఎక్కించడం, మళ్లీ అతకడం. ముప్పయ్యేళ్లు జాయింట్లు వేసిన మనిషి ఇది ప్రతిసారీ మర్చిపోతాడు. “ఎవరో ఒకరు గుర్తుచెయ్యొచ్చు కదా” అని ప్రతిసారీ అంటాడు కూడా.

కొత్త వైరు కొనడం తేలిక. అదే హీట్‌ష్రింక్ కోసం కోఠి గుజరాతీ గల్లీ దాకా పోయి రావడానికి ఆటోకయ్యే డబ్బులతో వైరే వచ్చేస్తుందని కోడలు ఒకసారి లెక్కేసి చూపించింది. “ఆటో ఎవరెక్కారమ్మా, బస్సులో వెళ్లాను” అన్నాడు.

కార్యక్రమం రోజు ఎడమకాలు దివ్యంగా వెలిగింది. మావయ్య డాన్సు చూడలేదు. మోకాలినే చూశాడు.

ఈ ఏడు స్కూలువాళ్లు ఎల్‌ఈడీ స్ట్రిప్పులకు మారారు. వారం రోజులు మనిషి మనిషిలా లేడు. “ప్లాస్టిక్ రిబ్బను, దాంట్లో ఏముందని!” మొన్న రిహార్సల్ నుంచి టీచరమ్మ ఫోను: సార్, ఒక డ్రెస్సులో లైట్లు పోయాయి. మావయ్య స్పీకరు ఆన్ చేసి నిలబడ్డాడు. “అన్నీ పోయాయా, వరసగా మూడే పోయాయా? మూడే కదా! పన్నెండు వోల్టుల స్ట్రిప్పులో మూడేసి ఒక జట్టమ్మా, ఒకటి పోతే మూడూ పోతాయి. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి, వచ్చేస్తున్నా” అంటూ చెప్పుల కోసం వెతుక్కుంటుంటే, వంటింట్లోంచి అత్తయ్య బ్యాటరీ సంగతి అడుగుతూనే ఉంది.