గడువు రాకుండానే పగిలిన లోహం

ఇంట్లో గొడుగు పోయిందంటే సరే అనుకోవచ్చు. ఎయిర్ ఇండియా ఏకంగా విమానాన్నే పోగొట్టుకుంది. సముద్రంలో కాదు, అడవిలో కాదు, కోల్‌కతా విమానాశ్రయంలో ఓ మూల నిలబెట్టి మరచిపోయింది. అది బోయింగ్ 737-200. 1982లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి, ముసలితనంలో తపాలా మూటలు మోసి, 2012లో రెక్కలు ముడిచింది. అటుపైన ఆస్తుల రిజిస్టరులో లేదు, బీమా కాగితాల్లో లేదు, తరుగుదల లెక్కల్లో లేదు. కంపెనీని టాటాలకు అమ్మేటప్పుడైనా ఎవరికీ గుర్తు రాలేదు. పదమూడేళ్ళకు విమానాశ్రయం వాళ్ళే "అయ్యా, మీ విమానం తీసుకెళ్ళండి" అని కబురు పెడితే, పాత కాగితాలు తిరగేసి మాదేనని ఒప్పుకున్నారు. పార్కింగ్ బిల్లు కోటి రూపాయల దాకా వచ్చింది. 2025 నవంబరులో దాన్ని బెంగళూరుకు తరలించారు. దేనికంటారా? మెయింటెనెన్స్ ఇంజనీర్లకు శిక్షణ ఇవ్వడానికి! పదమూడేళ్ళు ఒక్క తనిఖీకీ నోచుకోని విమానాన్ని మించి తనిఖీల విలువ చెప్పగల గురువు ఇంకెవరు?

నవ్వుకోవచ్చు, అది ఎగరలేదు గనక. రిజిస్టరు మరచిపోయిన ఆ విమానం ఎవరి ప్రాణమూ తీయలేదు. నాకు భయమల్లా రిజిస్టరు పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్న విమానాలంటేనే.

సరుకు విమానం ఎన్ని గంటలు ఎగిరింది, ఎన్నిసార్లు లేచి దిగింది, ఎన్ని రోజులు గడిచాయి అన్నవి మూడు వేర్వేరు లెక్కలు. ఒక్కో భాగానికి వీటిలో ఏదో ఒకటి నిండగానే తనిఖీ. ఇదో పెద్ద పంచాంగం. దాన్ని చూసుకోవడానికి ప్రతి కంపెనీలోనూ ఒక విభాగం, దానికో సాఫ్ట్‌వేర్, పైన ఆడిటర్లు. ఆడిటరుగారు పరీక్షించేది పంచాంగాన్ని. రెక్క కింద దూరి చూసే తీరిక ఆయనకెక్కడిది? తిథి తప్పలేదు, సంతకం ఉంది, స్టాంపు ఉంది, శుభం.

2025 నవంబరు 4న అమెరికాలోని లూయీవిల్‌లో పార్సిల్ కంపెనీ యూపీఎస్ వారి ఎండీ-11 సరుకు విమానం ఒకటి హొనలులుకు బయల్దేరింది. నేల విడుస్తుండగానే ఎడమ ఇంజను, దాన్ని రెక్కకు పట్టి ఉంచే పైలాన్‌తో సహా ఊడిపోయింది. ముగ్గురు సిబ్బందీ, కింద తమ పనుల్లో తామున్న పదిమందికి పైగా జనమూ పోయారు. దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ, పైలాన్ వెనక పట్టులో లోహం అలసి పగిలిన జాడలు చూపించింది. అలాగైతే తనిఖీలు ఎగ్గొట్టారన్న మాట అనుకుంటాం మనబోటి వాళ్ళం. ఎంతమాట! ప్రాథమిక నివేదికలో తేదీలతో సహా ఉంది చూడండి. ఆ పట్టుకు గ్రీజు పెట్టింది ప్రమాదానికి పదిహేడు రోజుల ముందు, అక్టోబరు 18న. పరీక్షగా కంటితో చూసింది 2021 అక్టోబరులో. మరి కంటికందని పగుళ్ళను వెదికే ప్రత్యేక తనిఖీ? దానికి విమానం 29,200 సార్లు లేచి దిగాలి. ఇది 21,043 దగ్గరే ఉంది.

అంటే ఇంకా 8,157 సార్లు బాకీ. పంచాంగం తప్పేమీ లేదు, పగులే ముహూర్తానికి ముందు వచ్చేసింది. 1991లో థాయ్ ఎయిర్‌వేస్ ప్రయాణికులతో మొదలై, 92,992 గంటలు, అంటే పదేళ్ళకు పైగా గాల్లోనే గడిపిన లోహానికి ఆ మాత్రం క్రమశిక్షణ ఉండొద్దూ!

పైగా ఆ పట్టు గురించి ఎవరికీ తెలియదనడానికీ లేదు. అందులో ఉండే బేరింగు రింగు మూడు విమానాల్లో నాలుగుసార్లు పగిలిందని బోయింగ్ 2011లోనే కంపెనీలకు లేఖ రాసింది. రాసి, దానివల్ల ఎగిరే భద్రతకు ముప్పు లేదని కూడా తానే తేల్చేసింది. ఇలాంటి సర్వీస్ లెటర్ అంటే సలహా, పాటించి తీరాలన్న ఆదేశం కాదు. నాలుగు పగుళ్ళకు ఒక సలహా ఖరారైంది. ఆదేశం కావాలంటే ఇంజను ఊడాలి. ఊడింది. నాలుగో రోజున అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశం రానే వచ్చింది, ఎండీ-11లు ఎగరరాదని. తయారైన నాడు కాగితం మీద వేసిన అంచనా వేరు, ముప్పై ఏళ్ళు బరువులు మోశాక భాగాలు చెబుతున్న కబురు వేరు. ఈ రెండో దాన్ని రాసుకోవడానికి పంచాంగం సాఫ్ట్‌వేర్లలో గడి ఉన్నా, దాన్ని చూసి మొదటి అంకెను దించే నాథుడు ఇక్కడ కనబడలేదు.

పంచాంగానికి ఇంకో సుగుణం, తనిఖీ అయిందని రాస్తే అయినట్టే. 2000 ఫిబ్రవరి 16న కాలిఫోర్నియాలో ఎమెరీ వారి డీసీ-8 సరుకు విమానం లేచిన వెంటనే పాత కార్ల తుక్కు యార్డులో కూలి, అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. కొద్ది నెలల ముందే భారీ తనిఖీ ముగించుకుని బయటికొచ్చిన విమానమది. తోకలోని ఒక బోల్టును సరిగా బిగించలేదు, బిగించారో లేదో చూడనూ లేదు అని దర్యాప్తులో తేలింది.

ఈ ఔదార్యమంతా పెట్టెల విమానాల మీదే ఎందుకంటే, అట్టపెట్టె కుదుపులకు కేకలు పెట్టదు, దిగాక వీడియో పెట్టదు. అందుకే ప్రయాణికుల్ని మోసి మోసి నడుం వంగిన విమానానికి సీట్లు పీకి, కిటికీలు మూసి, పక్కన పెద్ద తలుపొకటి కోసి రెండో జన్మ ఇస్తారు. ముందు సీట్లలో మనుషులుంటారు కదా అంటారేమో, దానికీ లెక్క వేశారు. పైలట్ల విశ్రాంతి గంటలు పెంచుతూ అమెరికా 2011లో కొత్త నిబంధన తెచ్చి, ఖర్చు కిట్టుబాటు కాదని సరుకు పైలట్లను పక్కన పెట్టింది. నిద్రమత్తు ప్రయాణికుల్ని మోస్తే ప్రమాదం, పెట్టెల్ని మోస్తే పొదుపు. లూయీవిల్‌లో నేల మీద పోయినవాళ్ళు ఏ టికెట్టూ కొనలేదు, ఏ పార్సిల్‌లోనూ లేరు. వాళ్ళను ఏ పద్దులో రాసుకున్నారో ఆ లెక్క వేసినవాళ్ళే చెప్పాలి.