ముహూర్తబలం

బోదకాలు మాత్రలు పంచే రోజున ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి ‘నా ముందే మింగాలి’ అంటుంది. మన విశాఖవాడు బుద్ధిగా నోట్లో వేసుకుని, ఆవిడ రిజిస్టర్‌లో టిక్కు పెట్టగానే పెరట్లోకి వెళ్లి ఉమ్మేస్తాడు. ఉమ్మేసిన ఆ మాత్ర పేరు డీఈసీ. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో కనిపెట్టిన మందు.

ఆయన అమెరికా ప్రయాణానికి ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో గానీ చెయ్యి తిరిగినవాడు. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు తెల్లవాళ్లు కారు కనుక పౌరసత్వానికి పనికిరారని తేల్చేసింది. థింద్ ఆ దేశ సైన్యంలో పనిచేసినవాడే. తుపాకీ మొయ్యడానికి అడ్డురాని రంగు, కాగితం దగ్గరికొచ్చేసరికి అడ్డొచ్చింది. ఆ రోజుల్లోనే మన సుబ్బారావు బోస్టన్‌లో దిగారు!

పగలు హార్వర్డ్. రాత్రి ఆస్పత్రిలో బెడ్‌పాన్లు కడగడం. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. పద్ధతికి పేరు దక్కింది గానీ మనిషికి పర్మినెంటు ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లేకి వెళ్లిపోయారు. ఈలోగా యుద్ధం. పసిఫిక్ దీవుల్లో తమ సైనికులకు మలేరియా, ఫైలేరియా పట్టుకునేసరికి, గోధుమరంగు బుర్ర మీద అమెరికా సర్కారుకు ఏ అభ్యంతరమూ లేకపోయింది. 1946లో దయతలచి పౌరసత్వానికి తలుపు తీసింది, ఏడాదికి 100 మంది భారతీయులను రానిస్తామంది. వంద! మన ద్వారకానగర్ వీసా కన్సల్టెన్సీల మెట్ల మీదే అంతమంది ఉంటారు. 1948లో ఆయన పౌరుడు కాకుండానే పోయారు.

అమెరికా వెళ్లకముందు మద్రాసులో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ బదులు అంతకంటే చిన్న పట్టా ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టి పంపారంటారు. సరే, అదీ తెల్లదొరల ఖాతాలోనే రాద్దాం.

2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు అనగానే బీచ్ రోడ్డు వాకింగ్ బ్యాచ్ ‘పచ్చి జాతివివక్ష’ అని తీర్మానించింది. రైటే. ఆ బ్యాచ్‌లో ఒక పెద్దాయనకు ఎంవీపీ కాలనీలో పోర్షను ఖాళీగా ఉంది. ఊళ్లోని ఓ సర్కారు ల్యాబులో కొత్తగా చేరిన మణిపూర్ అమ్మాయి అద్దెకు అడగడానికొచ్చింది.

“ఏ దేశం అమ్మా?”

“ఇండియానే అంకుల్. సైంటిస్టుని.”

ఆయన ఆమె ఆధార్ కార్డును వెలుతురుకు పట్టి చూశాడు. తిరగేసి మళ్లీ చూశాడు. లోపలికి కేకేశాడు:

“ఏవే, ఒకసారి అబ్బాయికి ఫోన్ కలుపు. డల్లాస్‌లో పడుకోలేదనుకుంటా. ఇది ఒరిజినలో కాదో వాడైతే చెప్తాడు.”