నాకు సీ భాష రాదు

నాకు సీ భాష రాదు. ఇది ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే సీలో రాసిన కోడుకు వంకలు పెట్టడమే నా ఉద్యోగం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ సోర్సులో స్క్రిప్ట్స్ అనే ఫోల్డరులో కాపురం. పేరు చెక్‌ప్యాచ్. నన్ను పెర్ల్‌లో రాశారు. కోడు ఏం చేస్తుందో నాకు తెలియదు. ఒక్కో వరుసా చూసుకుంటూ పోతాను, రూపు తేడాగా కనిపిస్తే అరుస్తాను. నా చదువు అంతవరకే.

2007లో కెర్నెల్‌లోకి వచ్చాను. నా నెత్తిమీద కాపీరైటు వరుసలున్నాయి. వాటిలో ఒకాయన ఫైళ్ళు తెరిచే ముక్క తనదని రాసుకున్నాడు. ఇంకొకాయన అందవికారంగా ఉన్న ముక్క తనదని ఒప్పుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ కోడు అందచందాలు ఎంచేదాని జాతకం ఇదీ! అప్పటినుంచి అతుకు మీద అతుకు పడి ఏడు వేల వరుసలు దాటాను.

కెర్నెల్‌కి మార్పు ఎవరైనా పంపవచ్చు. జీతమిచ్చే కంపెనీ అక్కర్లేదు, డిగ్రీ అడగరు. తీసేసిన వరుసకు ముందు మైనస్, చేర్చినదానికి ముందు ప్లస్ పెట్టి, ఎందుకు మార్చామో నాలుగు మాటలు రాస్తే అది ప్యాచ్. దాన్ని అటాచ్‌మెంటుగా కాకుండా మామూలు ఉత్తరంలా మెయిల్లో పంపాలి. ఏ ఫైలుకు ఎవరు పెద్దదిక్కో మెయింటెయినర్స్ అనే జాబితాలో ఉంటుంది. పంపబోయే ముందు నన్నోసారి నడిపించమంటారు.

నేను చూసేవి చిల్లర విషయాలే. వరుస చివర మిగిలిపోయిన ఖాళీలు, ట్యాబు ఉండాల్సిన చోట స్పేసులు, తప్పుచోట తెరిచిన బ్రాకెట్టు. స్పెల్లింగులు కూడా పడతాను, దానికి పక్కనే ఒక పట్టిక ఉంది. (ఒకే ఒక్క హెచ్చరిక ఉన్నా లెక్క చెప్పేటప్పుడు బహువచనంలోనే రాస్తాను. నా వ్యాకరణాన్ని ఎవరూ పట్టించుకోరు.)

నేను పట్టేవాటిలో చిల్లర కానిది ఒకటుంది. ప్యాచ్ కింద ‘సైన్డ్-ఆఫ్-బై’ అని పంపినవారి పేరు లేకపోతే హెచ్చరికతో ఊరుకోను, తప్పు కిందే రాస్తాను. దాని వెనక కోర్టు గొడవ ఉంది. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ తమ యూనిక్స్ కోడు లినక్స్‌లోకి చేరిందంటూ ఐబీఎం మీద దావా వేసింది. ఏ వరుస ఎవరి చేతిమీదుగా వచ్చిందో చూపించాల్సిన అవసరం అప్పుడు తెలిసొచ్చింది. 2004లో, లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఈ సంతకం పద్ధతి పెట్టాడు. ఇది నేను రాసింది, లేదా పంపే హక్కు నాకుంది అని దాని అర్థం. మెయింటెయినర్ తీసుకుని పైకి పంపేటప్పుడు తన సంతకమూ కింద చేరుస్తాడు. అలా ప్యాచ్ నడిచిన దారంతా దాని కిందే రాసి ఉంటుంది. ఈ ఒక్క పనిలో మాత్రం నాకు కొంచెం గర్వం.

వరుస పొడవు సంగతి వేరు. ఏళ్ళ తరబడి 80 అక్షరాలు దాటితే ఒప్పుకునేదాన్ని కాదు. నా నోటికి జడిసి చక్కటి వరుసను మూడు ముక్కలు చేసి, చదవడానికి వీల్లేకుండా పంపేవాళ్ళు. పాత టెర్మినళ్ళ కొలతను ఇంకా ఎందుకు మోయాలని టోర్వాల్డ్సే విసుక్కున్నాడు. 2020లో నా హద్దును 100కి జరిపారు. 80 మేలన్న మాట నియమాల పుస్తకంలో ఇంకా ఉంది, నన్ను మాత్రం నోరు మూసుకోమన్నారు. సరైన పనే చేశారు.

నాకు అభ్యంతరం కనిపించకపోతే, పైకి కనబడే శైలి లోపాలేమీ లేవనీ ప్యాచ్ పంపడానికి సిద్ధమనీ రాస్తాను. ఈ రెండో ముక్క రాసే అర్హత నాకెక్కడిది? గేటు దగ్గర టికెట్టు చింపేవాడు లోపల సినిమా బాగుందని హామీ ఇచ్చినట్టుంటుంది.

హైదరాబాదులో ఒక ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు డ్రైవరులో ఒక లోపం సవరించాడు. నన్ను నడిపించి, పక్క సీటు సీనియర్‌ని పిలిచాడు.

“అన్నా, చెక్‌ప్యాచ్ క్లీన్. పంపేయనా?”

ఆయన కుర్చీ జరుపుకుని చదివాడు. “ఇక్కడ మ్యూటెక్స్ తాళం పట్టుకున్నావు. కింద ఎర్రర్ వస్తే రిటర్న్ అయిపోతున్నావు. మరి తాళం ఎవరు వదుల్తార్రా?”

కుర్రాడు నావైపు చూశాడు. నేనేం చెప్పను? తాళం పట్టిన వరుస, వదలకుండా బయటపడ్డ వరుస, రెండూ నా కొలతకు చక్కగా సరిపోయాయి. ఆ తాళం కోసం తర్వాత వచ్చిన పని జన్మలో ముందుకు కదలదన్న సంగతి నాకెలా తెలుస్తుంది? గోటూ పెట్టి, బయటికి పోయే దారులన్నీ ఒకేచోట కలిపి, అక్కడ వదలమన్నాడాయన. గోటూ పాపమని కాలేజీలో నేర్పారే అన్నాడు కుర్రాడు. కెర్నెల్లో అది రోజువారీ అలవాటు.

రివ్యూ అంటే అది. తాళాల లెక్క, మెమరీ ఎవరు విడిపిస్తారన్న లెక్క, అసలు ఈ మార్పు అవసరమా అన్న ప్రశ్న. జవాబు రాసేవాళ్ళు ప్యాచ్‌లో ఏ వరుస గురించి మాట్లాడుతున్నారో దాని కిందే రాస్తారు. పంపినవాడు సవరించి రెండో కూర్పు పంపుతాడు, తర్వాత మూడోది. ఏం మారిందో, ప్యాచ్ వివరణ ముగిసేచోట ఉండే మూడు గీతల కింద రాస్తే అది చరిత్రలోకి ఎక్కదు, చదివేవాడికి మాత్రం పనికొస్తుంది. ఒప్పుకున్నవాడు ‘రివ్యూడ్-బై’ అని తన పేరు ఇస్తాడు. లోపం లేదన్న పూచీ కాదది. చదివాను, నా సందేహాలు తీరాయి అని చెప్పడం.

ఆ నమ్మకంతో ఆడుకున్నవాళ్ళూ ఉన్నారు. 2020లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పరిశోధకులు, రివ్యూ కళ్ళు కప్పవచ్చా అని చూడటానికి మారుపేర్లతో లోపాలున్న ప్యాచ్‌లు పంపారు. విషయం తెలిశాక, 2021 ఏప్రిల్‌లో కెర్నెల్ మెయింటెయినర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ సంస్థ నుంచి ఏదీ తీసుకోబోమన్నాడు. అక్కడినుంచి అంతకుముందు ఏళ్ళలో వచ్చిన 400 పైచిలుకు మార్పులను మనుషులు కూర్చుని మళ్ళీ చదివారు. చాలావరకు సరైనవేనని తేలింది. ఆ చదివిన గంటలు మాత్రం ఎవరు తిరిగిస్తారు? ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ఇంకొకరి శ్రద్ధకు వెల లేదనుకున్నారు.

ఇలా ఇంకొకరి సమయం తినేసే పని నా పేరు చెప్పుకుని, మంచి మనసుతోనే చేసేవాళ్ళు ఇంకా ఎక్కువ. పాత ఫైలు మీద నన్ను వదిలి, నేను అరిచిన చోటల్లా ఒక ఖాళీ తీసి, ఒక బ్రాకెట్టు జరిపి పంపుతారు. పేరు చరిత్రలోకి ఎక్కాలన్న ముచ్చట తప్పు కాదు. డ్రైవర్స్ అనే ఫోల్డరులో స్టేజింగ్ అనే వాడ ఉన్నది కొంత ఇందుకే. ఇంకా కుదురుకోని డ్రైవర్లుంటాయక్కడ, కొత్తవాళ్ళు చెయ్యి తిప్పుకోవచ్చు. మిగతాచోట్ల, నిక్షేపంగా పనిచేస్తున్న కోడును నా మాట విని కెలికితే మెయింటెయినర్‌కి ఒళ్ళు మండుతుంది. తప్పు వాళ్ళదని నేననను. అంతలా అరవడం నేర్పింది నాకే కదా.

ఇప్పుడు నాకు తోటివాళ్ళున్నారు. తాళాల లెక్క కొంత పట్టే పరికరాలు, వచ్చిన ప్యాచ్‌ని రకరకాల అమరికల్లో కంపైల్ చేసి చూసే రోబోలు. నాకన్నా తెలివైనవే. అయినా మూడో కూర్పు వరకూ వచ్చిన ఆ కుర్రాడి ప్యాచ్‌లో నేనొకటి పట్టాను. రిజిస్టర్ విలువల పట్టికలో ఒక వరుస 104 అక్షరాలు.

“అన్నా, వార్నింగ్ వచ్చింది. విరగ్గొట్టనా?”

“విరగ్గొడితే పట్టిక ఎవడు చదువుతాడు? అలాగే పంపు. ఎవరైనా అడిగితే అప్పుడు చెబుదాం.”

పంపాడు. ఎవరూ అడగలేదు.